ఉచితం, స్వేచ్ఛ, ఖర్చు

ఇంగ్లీషువాళ్ళకి ‘ఫ్రీ’ అన్న మాట ఒకటే. మనకి రెండున్నాయి: ఉచితం, స్వేచ్ఛ. 1983లో గ్నూ ప్రాజెక్టుని ప్రకటించిన రిచర్డ్ స్టాల్మన్, తను చెప్పేది డబ్బు సంగతి కాదు, స్వేచ్ఛ సంగతని ఏళ్ళ తరబడి వివరించాల్సి వచ్చింది. తెలుగువాడై పుట్టి ఉంటే ఆ శ్రమ తప్పేది. హైదరాబాదులో ఈ పని చేసేవాళ్ళు తమ సంస్థకి ‘స్వేచ్ఛ’ అనే పేరు పెట్టుకున్నారు.

ఈ రెండు మాటల వెనక మూడోదొకటి దాక్కుని ఉంటుంది. అది ఖర్చు.

2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు సపోర్టు ఆపేసింది. మా న్యూజెర్సీ ఇంట్లో ఉన్న కంప్యూటరు బాగానే పనిచేస్తోంది గానీ, విండోస్ 11కి అర్హత లేదు. చెత్తలో పారెయ్యడానికి మనసొప్పక లైనక్స్ వేశాను. ఒక్క డాలరు కూడా కాలేదు. శనివారాలు మాత్రం అయ్యాయి. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ పేరుతో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో తెలుగు టైపు చెయ్యడానికి కీబోర్డు అమర్చుకున్నాను. యూనికోడ్‌కి ముందు ఏదో డీటీపీ ఫాంటులో కొట్టిన పాత వ్యాసాలు తెరిస్తే, అక్షరాల బదులు పిచ్చిగీతలు కనిపించాయి. ఒక్కొక్కటే యూనికోడ్‌లోకి మార్చుకుంటున్నాను.

నిజానికి ఈ ఖర్చు లైనక్స్ పెట్టింది కాదు. ఒకే ఫాంటుకి, ఒకే ప్రోగ్రాముకి మన మాటల్ని కట్టేసిన రోజునే ఆ బాకీ మొదలైంది. కట్టు విప్పబోతే బయటపడింది, అంతే.

అంతకంటే కష్టమైన ప్రశ్న వేరే ఉంది. నా శనివారాలు నా ఇష్టం. కానీ అదే కంప్యూటరు మీద మా అత్తగారు సినిమాలు చూస్తారు, ఊళ్ళోవాళ్ళతో మాట్లాడతారు. “స్వేచ్ఛ మీకూ, వెతుక్కోవడం నాకూనా బాబూ?” అన్నారావిడ నవ్వుతూ. నవ్వుతూ అన్నా, అడగాల్సిన మాటే. జర్మనీలో మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో లైనక్స్‌కి మారాలని నిర్ణయించి, 2013 నాటికి సుమారు 15 వేల కంప్యూటర్లు మార్చింది. 2017లో మళ్ళీ విండోస్‌కే వెళ్ళాలని తీర్మానించింది. కారణాల మీద వాదనలు నేటికీ ఉన్నాయి. నాకు అర్థమైంది ఒకటే: తీర్మానం చేసేవాళ్ళు వేరు, కొత్త మెనూల్లో తడుముకునేవాళ్ళు వేరు.

ఇంకొకళ్ళున్నారు, మనకి కనపడని వాళ్ళు. 2014లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు, ఇంటర్నెట్లో సగానికి తాళమేసే ఓపెన్ఎస్ఎస్ఎల్‌ని గుప్పెడు మందే చూసుకుంటున్నారని, ఏడాదికొచ్చే విరాళాలు సుమారు రెండు వేల డాలర్లేనని లోకానికి తెలిసింది. ఎక్స్‌జెడ్ అనే ప్రోగ్రాముని దాదాపు ఒంటరిగా మోస్తూ అలిసిపోయిన మనిషి దగ్గరికి, సాయం చేస్తానంటూ ఒక అపరిచితుడు చేరాడు. రెండేళ్ళు నమ్మకం సంపాదించుకుని, 2024లో అందులో దొంగదారి పెట్టాడు. మన పోతన, వేమన ఫాంట్లు కూడా దేశికాచార్యులు గారు తీరిక వెచ్చించి ఉచితంగా ఇచ్చినవే. మనం చెల్లించనిచోట ఎవరో చెల్లిస్తున్నారన్నమాట.

అలాగని విండోస్‌కి వెనక్కి పొమ్మని నేననను. ఎవరి కంప్యూటరు మార్చినా ముందు వాళ్ళనడగాలి, మార్చాక పక్కన కూర్చోవాలి. మిగిలిన డబ్బులో కొంత, ఊరికే రాసిపెట్టినవాళ్ళకి పంపాలి. కొన్నదానికి రసీదు ఉంటుంది. ఊరికే వచ్చినదానికి మనమే లెక్క రాసుకోవాలి.