బండి అద్దం మీద జమానతు

హైదరాబాద్‌లో ఏ సిగ్నల్ దగ్గర ఆగినా మన ముందున్న బండి ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. ఒక ఆటో వెనక 'మా కీ దువా' అని రాసి ఉంటుంది. ఇంకో ఆటో వెనక 'అమ్మానాన్నల దీవెన'. ఒకరి బైకు మీద 786, ఇంకొకరి బైకు మీద కాషాయరంగు హనుమంతుడి ముఖం. కార్ల అద్దాల దగ్గరికొచ్చేసరికి దీవెనలు తగ్గి హోదాలు పెరుగుతాయి. డాక్టర్, అడ్వకేట్, పోలీస్, ప్రెస్. వీటి మధ్య 'ఆర్మీ' స్టిక్కర్ ఒకటి. అడ్డంగా రెండు కత్తులు, పైన సింహాలు, కింద 'ఇండియన్ ఆర్మీ' అనే అక్షరాలు. కొడుకు ఫౌజులో ఉంటే తండ్రి స్కూటర్ మీద, తాత రిటైరైతే మనవడి కారు మీద, ఇంట్లో ఎవరూ లేకపోయినా ఫౌజంటే ఇష్టమున్న కుర్రాడి బుల్లెట్ మీద అదే స్టిక్కర్.

ఇందులో తప్పేముంది? ఏమీ లేదు. ప్రాణాన్ని పణంగా పెట్టి చేసే కొలువు అది. చేసినవాడు చెప్పుకుంటాడు, కన్నవాళ్లు చెప్పుకుంటారు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరున్న మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అంటారు. తరతరాలుగా సిపాయిల్ని పంపిన ఊరు అది. ఊరికి ఊరే స్టిక్కర్ అంటించుకున్నట్టు. ఆ హక్కు ఆ ఊరికుంది.

నా ప్రశ్న వేరే. ఆ స్టిక్కర్ ఒక ముస్లిం బండి మీద ఉన్నప్పుడు ఏం చెబుతుంది? మాధవరం చెప్పే మాటే చెబుతుందా?

మా బస్తీలో ఒక చాచా ఉన్నాడు. ఫౌజులో డ్రైవర్‌గా చేరి హవల్దార్‌గా రిటైరయ్యాడు. ఇప్పుడు సొంత కారు కిరాయికి తిప్పుకుంటున్నాడు. వెనకద్దం మీద ఒక ఆర్మీ స్టిక్కర్, ముందద్దం మీద ఇంకొకటి. "ఏక్ బస్ నై హోతా క్యా చాచా?" అని నవ్వుతూ అడిగాను. "పీఛే కా మేరే వాస్తే హై బేటా, సామ్నే కా ఉనో లోగాం కే వాస్తే" అన్నాడు. వెనకది నా కోసం, ముందుది వాళ్ల కోసం. వాళ్లంటే ఎవరో నేను అడగలేదు. రాత్రిపూట ఊరు దాటేటప్పుడు నాకాబందీలో టార్చి వేసి, గడ్డం చూసి, పేరు అడిగి, పేరు విన్నాక డిక్కీ తెరవమనేవాళ్లు. బండి ముందుకు తిరిగి ఉన్నప్పుడే వాళ్లు ఎదురవుతారు కాబట్టి స్టిక్కర్ కూడా ముందే ఉండాలి.

రెండూ ఒకే దుకాణంలో కొన్నవే. రంగు ఒకటే, కొలత ఒకటే. కానీ వెనకది ఫఖ్ర్, ముందుది జమానతు. గర్వానికీ పూచీకత్తుకీ తేడా ఎలా తెలుస్తుంది? నాకు తోచిన పరీక్ష ఒకటే. ఆ స్టిక్కర్ పీకేసినా మనిషి అంతే నిశ్చింతగా ఇల్లు చేరగలిగితే అది గర్వం. పీకడానికి చెయ్యి రాకపోతే అది జమానతు. మాధవరం సిపాయి తన స్టిక్కర్ పీకేస్తే ఒక ముచ్చట తగ్గుతుంది, అంతే. చాచా పీకేస్తే డిక్కీ తెరవాల్సిన రాత్రులు పెరుగుతాయి.

స్టిక్కర్‌తో పనులు చక్కబెట్టుకునేవాళ్లు అన్ని మతాల్లోనూ ఉన్నారు కదా అంటారు. ఉన్నారు. డ్యూటీ మీదున్న సిపాయికి టోల్ మినహాయింపు 1901 నాటి చట్టం నుంచీ ఉంది. రిటైరైనవాడికి లేదు. అయినా టోల్‌గేటు దగ్గర స్టిక్కర్ చూపించి వాదించేవాళ్లు కనబడతారు. జర్నలిస్టుని కాబట్టి 'ప్రెస్' స్టిక్కర్ల సంగతీ నాకు తెలుసు. పత్రికకి ఒక్క ముక్క రాయనివాడి బావమరిది బండి మీద కూడా ఆ అక్షరాలుంటాయి. 2024లో చెన్నై ట్రాఫిక్ పోలీసులు ప్రైవేటు బండ్ల మీద ప్రెస్, పోలీస్, ఆర్మీ లాంటి స్టిక్కర్లు ఉంటే జరిమానా వేస్తామన్నది ఇందుకే. ఫౌజుకి దాని గుర్తులు దానికి ఉన్నాయి. ఫౌజు బండి నంబరు ముందు పైకి చూసే బాణం గుర్తుంటుంది. ముదురాకుపచ్చ రంగు మామూలు బండికి వేయకూడదని మోటారు వాహనాల నిబంధనల్లోనే రాశారు.

చట్టం అందరి స్టిక్కర్లనీ ఒకే గాటన కట్టొచ్చు. నీతి అలా కట్టకూడదు. టోల్‌గేటు దగ్గర వాదించేవాడు తనకి రాని రాయితీ అడుగుతున్నాడు. నో పార్కింగ్‌లో 'ప్రెస్' బండి పెట్టినవాడు ఇతరులకి లేని వెసులుబాటు అడుగుతున్నాడు. చాచా అదనంగా ఏమీ అడగడం లేదు. వెనక వచ్చే కారుని ఎలా పోనిస్తారో తన కారునీ అలాగే పోనివ్వమంటున్నాడు. మామూలు మనిషిలా చూడబడటానికి ఒక మనిషి ఫౌజీ గుర్తు చూపించాల్సి రావడం, అదీ నన్ను బాధపెట్టే సంగతి.

పోనీ, ఆ జమానతు చెల్లుతుందా?

2015 సెప్టెంబర్ 28 రాత్రి దాద్రీ దగ్గర బిసాహడా ఊళ్లో మహమ్మద్ అఖ్లాఖ్‌ని ఇంట్లోంచి లాగి చంపారు. ఆవు మాంసం ఉందన్న పుకారు చాలింది. ఆయన కొడుకు వైమానిక దళంలో పనిచేస్తున్నాడన్న సంగతి ఆ రాత్రి ఆయన్ని కాపాడలేదు. 2019 మేలో అస్సాంలో మహమ్మద్ సనావుల్లాని విదేశీయుడని ట్రిబ్యునల్ తేల్చింది. ముప్పై ఏళ్లు ఫౌజులో చేసి, 2017లో గౌరవ లెఫ్టినెంట్‌గా రిటైరైన మనిషిని గోల్‌పారా నిర్బంధ శిబిరంలో పెట్టారు. జూన్‌లో గౌహతి హైకోర్టు బెయిలిస్తే బయటికొచ్చాడు. ఉర్దూలో పూచీకత్తునీ జమానతే అంటాం, బెయిలునీ జమానతే అంటాం. ముప్పై ఏళ్ల కొలువు మొదటి జమానతుగా పనికిరాలేదు, రెండో జమానతు కోర్టు నుంచి తెచ్చుకోవాల్సి వచ్చింది.

2025 మేలో ఆపరేషన్ సిందూర్ వివరాలు కల్నల్ సోఫియా ఖురేషీ యూనిఫారంలో నిలబడి దేశానికి చెప్పారు. ఆ వారంలోపే మధ్యప్రదేశ్ మంత్రి ఒకాయన ఆమెని టెర్రరిస్టుల సోదరి అనే అర్థం వచ్చేట్టు మాట్లాడాడు. హైకోర్టు చెబితే గానీ కేసు నమోదు కాలేదు. అద్దం మీద స్టిక్కర్ కాదు, ఒంటి మీది అసలు యూనిఫారం కూడా ఆ మాటని ఆపలేకపోయింది. బతికున్నవాళ్ల సంగతే కాదు. పాకిస్తాన్‌కి రమ్మన్నా పోకుండా ఇక్కడే ఉండి, 1948 జులై 3న ఝంగర్‌లో ప్రాణమిచ్చిన బ్రిగేడియర్ ఉస్మాన్ సమాధి ఢిల్లీలో జామియా దగ్గర ఉంది. 2020 డిసెంబర్‌లో దాని పలక పగిలి కనపడింది. ఫౌజే బాగుచేయించింది.

ఇంతదాకా వాళ్ల సంగతి. మన సంగతి కూడా మాట్లాడుకోవాలి.

ఎవరైనా మన దేశభక్తిని శంకిస్తే మనం వెంటనే ఏం చేస్తాం? జేబులోంచి తీసినట్టు హవల్దార్ అబ్దుల్ హమీద్ పేరు తీస్తాం. 1992 తర్వాత తీశాం, ప్రతి బాంబు పేలుడు తర్వాత తీశాం, ప్రతి క్రికెట్ మ్యాచ్ మర్నాడు టీకొట్టు దగ్గర తీశాం. గాజీపూర్ జిల్లా ధాముపూర్‌లో ఒక దర్జీ కొడుకు హమీద్. 1965 సెప్టెంబర్‌లో ఖేమ్‌కరణ్ సెక్టార్‌లో, చెరుకు తోటల మధ్య, తుపాకీ బిగించిన జీపులోంచి పాటన్ ట్యాంకుల్ని కొట్టాడు. ఇంకో ట్యాంకుతో తలపడుతూ అమరుడయ్యాడు. పరమవీర చక్ర ఇచ్చారు. 2000 సంవత్సరంలో వచ్చిన తపాలా బిళ్ల మీద ఆయన బొమ్మ పక్కన ఆ జీపు కూడా ఉంది. హమీద్ ఆ జీపు ఎక్కింది ఎవరికీ సర్టిఫికెట్ చూపించడానికి కాదు. ఎదురుగా ట్యాంకులొస్తున్నాయి, పక్కన తన పటాలం ఉంది, తన పని తాను చేశాడు. ఆ పనిని మనం సాక్ష్యంగా మార్చుకున్నాం. ఆయన్ని స్టిక్కర్ చేసి కౌమ్ మొత్తం ముందద్దం మీద అంటించుకున్నాం.

ఇక్కడ రెండు నష్టాలున్నాయి. మొదటిది, ఇచ్చేవాడి చేతిలో ఉన్న గౌరవాన్ని వాడు ఎప్పుడైనా చెరిపేయగలడు. 2025 ఫిబ్రవరిలో ధాముపూర్ బడికి కొత్త రంగు వేసినప్పుడు గోడ మీది హమీద్ పేరు పోయింది. కుటుంబం అభ్యంతరం చెప్పి గొడవయ్యాక మళ్లీ రాశారు. రెండో నష్టం ఇంకా పెద్దది. హమీద్ పేరు చెప్పి మనం పౌరసత్వం అడుగుతున్నామంటే, ఇంట్లో హమీద్ లేనివాడి సంగతేమిటి? మెహదీపట్నంలో పంక్చర్లేసేవాడు, పాతబస్తీలో గాజులు చేసే ఆడవాళ్లు, నల్లగొండలో మేకలు కోసే ఖురేషీ, నంద్యాలలో దూదేకుల పింజారి. వీళ్లెవరూ సరిహద్దు చూడలేదు. వీళ్ల బండ్ల మీద అంటించడానికి ఏముంది? హమీద్ కొడుకు కాబట్టి అతని తండ్రి గౌరవనీయుడా? కొడుకు ఫౌజులో చేరకపోయుంటే ధాముపూర్ దర్జీ ఈ దేశానికి తక్కువ మనిషయ్యేవాడా?

మన హైదరాబాదీలకి ఇంకో చిక్కు కూడా ఉంది. ఏ ఫౌజు గురించి చెప్పుకోవాలి? ఈ నగరమే సిపాయిల పేర్లు మోస్తోంది. నిజాం కొలువులో ఉన్న అరబ్బుల బ్యారక్‌లు బార్కస్ అయ్యాయి. ఆఫ్రికన్ కావల్రీ గార్డుల గల్లీలు ఏసీ గార్డ్స్ అయ్యాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన సవార్ల కోసం 1922లో ఢిల్లీలో నిలబెట్టిన తీన్‌మూర్తిలో ఒక మూర్తి హైదరాబాద్ లాన్సర్లది. 1948 సెప్టెంబర్ పోలీస్ యాక్షన్ తర్వాత ఆ కొలువులు పోయాయి. ఎందరో సిపాయిలు రిక్షాలు తొక్కారు, దుకాణాల ముందు కాపలా కాశారు. వాళ్ల మనవడు ఇవాళ తాత గురించి ఏ స్టిక్కర్ అంటించుకోగలడు? అంటించుకుంటే ఏమంటారు? ఒకే ఇంట్లో ఒక తాత ఫౌజు చూపించదగింది, ఇంకో తాత ఫౌజు దాచుకోవాల్సింది. తాతని తాతగా తలుచుకునే వీలు కూడా లేకుండా చేసే గర్వం మనకెందుకు?

అయితే చాచా స్టిక్కర్ పీకేయాలా? నా మిత్రుల్లో కొందరు పీకేయాలంటారు, అదొక లొంగుబాటు అంటారు. నేను ఒప్పుకోను. ఇరవై ఏళ్ల చెమట ఆయనది. వెనకద్దం మీది గర్వాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ముందద్దం మీది దాన్ని కూడా పీకమని ఏసీ గదిలో కూర్చుని వ్యాసం రాసే నేను చెప్పలేను. అర్ధరాత్రి నాకాబందీలో నిలబడేది ఆయన. దాని అవసరం లేకుండా చేయాల్సింది టార్చి పట్టుకున్నవాళ్లు, ఆ టార్చి ఎవరి ముఖం మీద ఎక్కువసేపు నిలుస్తుందో చూసి కూడా మౌనంగా వెళ్లిపోయే వెనక కార్లవాళ్లు.

రాసేవాళ్లం, మాట్లాడేవాళ్లం చేయగలిగింది ఒకటుంది. హమీద్ కథ మన పిల్లలకి చెబుదాం. ఉస్మాన్ కథ చెబుదాం. రిక్షా తొక్కిన నిజాం సిపాయి కథా చెబుదాం. మన మనుషుల కథలు కాబట్టి చెబుదాం, గవాహీ కోసం వద్దు. ఈసారి ఎవరైనా 'దేశం కోసం మీవాళ్లేం చేశారు' అని అడిగితే హమీద్ పేరు నోటిదాకా వచ్చినా ఆపుకుందాం. ధాముపూర్ దర్జీ పేరు మీద, పంక్చర్లవాడి పేరు మీద నిలబడి ఒక ఎదురు ప్రశ్న అడుగుదాం. భాయ్, ఈ మాట నీ పక్కింటి రెడ్డిగారినో శర్మగారినో ఎప్పుడైనా అడిగావా?