స్తుతికి తగని వాద్యమేది?

మన చిల్లకూరు ప్రాంతమున ఒక తగవు వినుచున్నాము. యౌవనస్థులు గిటారును డప్పును ఆరాధనలోనికి తెచ్చిరి. పెద్దలు హార్మోనియము చాలుననుచున్నారు. ఆ హార్మోనియము మాత్రము మన ఊరిదా? 19వ శతాబ్దమున ఐరోపానుండి వచ్చినదే గదా! ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచి చూడుడి. పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కీర్తనలకు రాగము, తాళము వ్రాసియున్నవి. ఆ పుస్తకములోనే దొరల రాగములకు కట్టిన పాటలును ఉన్నవి. రెంటితోను మనము పెరిగితిమి.

గిటారు మాట అట్లుండనిండు. డప్పు సంగతి వేరు. దానిని వద్దనునప్పుడు మన మనస్సున మెదలునది శబ్దమా, వాయించు చేతుల కులమా? పరీక్షించుకొందము. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అధికులు మాదిగవారు. డప్పు వారి ఇంటి వాద్యము. వారిని చేర్చుకొనిన ప్రభువు వారి డప్పును గుమ్మము బయట నిలుపునా? 150వ కీర్తనలో బూర, సితారా, తంబుర, పిల్లనగ్రోవి, తాళములు ఒక్కచోటనే కూడియున్నవి.

అయితే యౌవనులారా, పాట మాటలు మునిగిపోవునట్లు మ్రోగింపకుడి. చదువురాని మన ముసలి తల్లులకు పాటయే వాక్యము. వచ్చు ఆదివారము మొదటి కీర్తనకే డప్పు మ్రోగనిండు. పెద్దలు తాళములు పట్టుదురు గాక.