సముద్రానికి అద్దె ఎవరిది?

మా ఆదోనిలో పత్తి వ్యాపారంలో మిగిలిన సొమ్ముతో ఒకరు సూర్యలంక తీరాన ఇల్లు కట్టించి, విహారానికి వచ్చేవారికి రోజు లెక్కన అద్దెకిస్తున్నారనుకుందాం. ఆ రాబడి న్యాయార్జితమేనా అన్నది నా ప్రశ్న.

కట్టించినందుకు, మరమ్మతులకు, ఊడ్చే మనిషి కూలికి ప్రతిఫలం దక్కవలసిందే, కాదనను. కాని అదే ఇల్లు ఎమ్మిగనూరులో ఉంటే అంత అద్దె రాదు. తేడా గోడల్లో లేదు, సముద్రంలో ఉంది. భూమిశిస్తు యజమాని శ్రమఫలం కాదనీ, నేలల తారతమ్యం నుంచి పుడుతుందనీ రికార్డో 1817లోనే విశదం చేశాడు. స్థలం ధరలోనే సముద్రం ఖరీదు చేరిందంటారు. అమ్మినవాడూ సముద్రాన్ని తవ్వలేదు గదా!

ఎమ్మిగనూరు నేతగాని ఇల్లు మగ్గమాడితేనే కూడు పెడుతుంది. వానలు తప్పిన ఏడు ఆదోని, కోసిగి పల్లెల కూలీలు ఇళ్లకు తాళాలు వేసి, ఆ కోస్తాకే, గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోతారు. చేలగట్ల గుడారాల్లో పడుకుంటారు. తీరాన అద్దెగదులు మాత్రం విహారుల కోసం ఖాళీగా కాచుకొని ఉంటాయి.

కనుక శ్రమకు దక్కేది యజమాని ఉంచుకోవచ్చు. సముద్రం తెచ్చినది పన్నుగా సమాజానికి చేరాలి. అందులో మొదటి ఖర్చు ఆ గుడారాల స్థానంలో గట్టి కప్పు వేయడానికి కావాలి. ఇది దానం కాదు, బాకీ.