పసుపు పువ్వుకు ధర కట్టేదెవరు?



హైదరాబాదు నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్ మీలో చాలామంది చూసే ఉంటారు. అక్కడి రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలలో అజంతా చిత్రాల నకళ్ళకు ప్రత్యేకంగా ఒక గ్యాలరీ ఉంది. అది చూసి బయటికి వస్తే చుట్టూ చెట్లు, పచ్చిక, పూలు. నిజాముల కాలంలో, 1846లో వేసిన తోట అది. ఒకప్పుడు అందులో జంతువులను కూడా ఉంచేవారు. 1963లో నెహ్రూ జూ పార్కు తెరిచాక అవి అక్కడికి తరలిపోయాయి. అంతా ప్రభువుల సరదా. కోసి అమ్ముకునే పంట ఏదీ లేదు.

ఆర్మూరు రైతు అక్కడ నిలబడితే ఏమంటాడో నాకు తెలుసు. "గింత జాగల పసుపు పెడితే ఎన్ని బస్తాలయితుండెనో, ఫాదర్!"

నవ్వి ఊరుకోదగిన మాట కాదిది. వానాకాలం మొదట్లో పెట్టిన పసుపు చేతికి రావడానికి ఎనిమిది, తొమ్మిది నెలలు. తవ్వాలి, ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, పాలిష్ పట్టించాలి. ఇంతా చేసి మార్కెట్టుకు తెస్తే ధర ఉండదు. 2019లో నిజామాబాదు లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీ చేశారు. వారిలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులే. జాతీయ పసుపు బోర్డు వచ్చింది 2025లో. ఇంత కష్టం ఎరిగినవాడు "ఈ తోటతో ఏమి లాభం?" అని అడిగితే పిసినారితనం అనలేము.

బెతానియాలో మరియమ్మ విలువైన పరిమళ తైలాన్ని ప్రభువు పాదాలపై పోసినప్పుడు ఇదే ప్రశ్న వచ్చింది. అమ్మితే మూడువందల దీనారాలు వచ్చేవి, పేదలకు పంచవచ్చు కదా అని. అడిగింది యూదా ఒక్కడే అనుకుంటాము. మత్తయి సువార్త చూడండి, శిష్యులే సణిగారు. మంచివారికి కూడా వచ్చే సందేహమే ఇది.

గురువిద్యాలయంలో మేము చదువుకున్న తత్వశాస్త్రంలో పునీత తోమాసు అక్వినాసు గారు మంచిని మూడు విధాలుగా విడదీస్తారు: ఉపయోగపడేది, ఆనందమిచ్చేది, తనకు తానే మంచిదైనది. ఉపయోగపడేది ఎప్పుడూ మరొకదాని కోసమే ఉంటుంది. పసుపు డబ్బు కోసం, డబ్బు ఇల్లు కోసం, పిల్ల పెండ్లి కోసం. సరే, ఇల్లు దేనికి? ఎక్కడో ఒకచోట ఈ "దేనికి" ఆగాలి. పొద్దుగూకే వేళ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని చెట్టు కింద ఊరికే కూర్చున్నామే, అక్కడ ఆగుతుంది. ఆ కూర్చోవడం దేనికి అని ఎవరూ అడగరు. ఆదికాండములో కూడా దేవుడు మొలిపించిన చెట్లు ముందు కంటికి ఇంపైనవి, ఆ తరువాతే తినడానికి మంచివి.

పసుపు చేనునే చూడండి. ఆకుల నడుమ తెల్లని కంకి లేస్తుంది, కొసన లేత గులాబి ఛాయతో. పసుపు మామూలుగా విత్తనం కట్టదు, దుంపతోనే మొలుస్తుంది. అంటే ఆ పువ్వు రైతుకే కాదు, మొక్కకూ పనికిరాదు! థాయ్‌లాండులో ఇదే కుటుంబపు మరో మొక్కను కేవలం పువ్వు కోసమే పెంచుతారు. మనవారు కొమ్ముకు ఎన్ని ధరలైనా చెప్పగలరు, పువ్వు సంగతి అడిగితే మాత్రం వింతగా చూస్తారు.

అలాగని నిజాం ప్రభువును నేను వెనకేసుకు రాను. మరియమ్మ పోసింది తన సొంత తైలం. రాజుల సరదాలకు ఖర్చయ్యేది రైతు కట్టిన శిస్తు. తోట అందమైనదే కావచ్చు, తోటమాలి కూలి ఎగవేసి పెంచితే అది దొంగసొత్తే. ఆ తోటకు బాగ్-ఎ-ఆమ్ అని పేరు, అందరి తోట అని అర్థం. ఈనాడు కూలి చేసుకునేవాడు కూడా పిల్లలతో వచ్చి ఆ పచ్చికలో పడుకోగలుగుతున్నాడు. నా లెక్కలో పాత బాకీ కొంతైనా తీరింది అక్కడే. "ఏమి లాభం" అనడం కన్నా "ఎవరి సొమ్ము, ఎవరికి ప్రవేశం" అని అడగడం మేలనిపిస్తుంది.

ఈ మధ్య విచారణలలో ఒక మాట తరచుగా వినబడుతున్నది. దేవాలయం వెనుక చెట్లు కొట్టి మడిగెలు కట్టిస్తే అద్దెలు వస్తాయి కదా అని. ఆ అద్దె దేనికో ముందు చెప్పండి. ఊరిలోని విధవరాండ్ర బియ్యానికైతే గొడ్డలి నేనే తెస్తాను. ప్రహరీగోడకు టైల్స్ అతికించడానికైతే ఆ వేపచెట్టును, దాని కింద ఆడుకునే పిల్లలను ఉండనివ్వండి.