నవ్వులో మిగిలిన బాకీ

వృద్ధాప్యంలో మనిషి తన జ్ఞాపకాల పెట్టె తెరచినప్పుడు మొదట చేతికి తగిలేది అతడు చేసిన దానధర్మాల పట్టిక కాదు. పరీక్షల్లో వచ్చిన మార్కులూ కాదు, ఉద్యోగంలో అందుకొన్న ప్రశంసాపత్రాలూ కాదు. పదిహేనో ఏట గోడ దూకి కోసుకొన్న జామకాయలు, ఇంట్లో చెప్పకుండా ఎక్కిన గూడ్సుబండి, మాస్టారి సైకిలు చక్రంలో గాలి తీసిన సాయంకాలం, ఇవే ముందుకు వస్తాయి. చెప్పేవాని కళ్ళలో వెలుగు, వినేవారి పెదవులపై నవ్వు. ఆ నవ్వును ఎవరూ తప్పుపట్టరు. అయితే ఆ నవ్వు వెనుక ఒక ధర్మసందేహం ఉన్నది. చేసిననాడు తప్పు అనిపించుకొన్నది చెప్పేనాటికి వినోదం ఎట్లా అయింది? కాలం ఆ పని స్వభావాన్నే మార్చిందా, లేక చెప్పేవాని స్థానాన్ని మాత్రమే మార్చిందా?

ఈ ప్రశ్నను పరిశీలించడానికి రైల్వే పట్టణాన్ని మించిన చోటు లేదు. అర్పా నది ఒడ్డున ఉన్న బిలాస్‌పూర్ అటువంటి పట్టణం. 1887లో ఏర్పడిన బెంగాల్–నాగపూర్ రైల్వే, నాగపూర్ నుండి అసన్‌సోల్ దాకా వేసిన ప్రధాన మార్గం 1891 నాటికి ఈ ఊరి మీదుగా సాగింది. అదే సంస్థ మార్గాలు తూర్పు కోస్తాలో వాల్తేరు వరకు విస్తరించాయి. పార్వతీపురం–రాయపూర్ మార్గం 1931లో పూర్తి కావడంతో విజయనగరం ప్రాంతానికి ఛత్తీస్‌గఢ్ మైదానం మరింత చేరువైంది. ఉత్తరాంధ్ర పల్లెల నుండి ఎందరో పని వెదుక్కుంటూ ఈ దారి పట్టారు. గ్యాంగుల్లో, లోకో షెడ్డుల్లో, స్టేషన్లలో చేరి, క్వార్టర్లలో కాపురాలు పెట్టి, హిందీ, ఛత్తీస్‌గఢీ, బెంగాలీ మాటల నడుమ తెలుగును ఇంటి భాషగా నిలుపుకొన్నారు. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూర్ ప్రధాన కేంద్రమైంది. ఉద్యోగ విరమణ తరువాత స్వస్థలానికి తిరిగి వెళ్ళినవారు కొందరు. నగరంలోని కుదుదండ్ వంటి పేటల్లో గాని, రైల్వే కాలనీల పరిసరాల్లో గాని ఉండిపోయేవారు మరికొందరు. అటువంటి చోట్ల సాయంకాలం నలుగురు వృద్ధులు చేరితే మాటలు ఏ దారిన మొదలైనా చివరకు చేరే స్టేషను ఒక్కటే: ఆ రోజులు.

ఆ రోజుల కథలకు ఒక వరుస ఉన్నది. టికెట్టు లేకుండా రెండు స్టేషన్ల దూరం పోయి సినిమా చూసి రావడం. టికెట్టు కలెక్టరు ఒక తలుపున ఎక్కితే మరొక తలుపున దిగిపోవడం. ఇంటి దగ్గర బండి నిలవదు కనుక గొలుసు లాగి దిగి, చేలకడ్డంగా పరుగెత్తడం. ఇట్లాంటి కథల్లో చెప్పేవాడు ఎప్పుడూ చురుకైనవాడు. తరిమేవాడు ఎప్పుడూ లావైనవాడు. ఏటేటా కాలువ వెడల్పు పెరుగుతుంది, గోడ ఎత్తు పెరుగుతుంది, దూకినవాని ధైర్యమూ పెరుగుతుంది. ఇందులో మోసం ఏమీ లేదు. జ్ఞాపకం లెక్కల పుస్తకం కాదు. అది చెప్పిన ప్రతిసారీ కొత్తగా అల్లుకొనే పందిరి.

ఈ నవ్వు పక్షాన చెప్పవలసినది చాలా ఉన్నది. మోకాళ్ళు సహకరించని వయసులో తానొకప్పుడు పరుగెత్తినవాడనని గుర్తు చేసుకోవడం దోషం కాదు. దశాబ్దాలపాటు గడియారానికీ, డ్యూటీ చార్టుకూ కట్టుబడి బతికినవాడు తన జీవితంలో ఏ చార్టుకూ లొంగని ఒక మధ్యాహ్నం ఉన్నదని చెప్పుకొంటాడు. ఆ మధ్యాహ్నమే తనదని, మిగిలినదంతా కొలువుదని అతనికి తోచవచ్చు. పైగా మనుమల దృష్టిలో తాత పుట్టుకతోనే తాత. ఒక కొంటె కథ చెప్పగానే అతడూ ఒకనాడు పిల్లవాడేనని వారికి తెలుస్తుంది. రెండు తరాల నడుమ అంతకన్న చక్కని వంతెన దొరకడం కష్టం.

బాల్యపు చేష్టలను పెద్దల తూకంలో వేయరాదన్న భావమూ మన సంప్రదాయంలో పాతదే. మహాభారతం ఆదిపర్వంలోని మాండవ్య మహర్షి కథ అందుకు సాక్ష్యం. దొంగలు తన ఆశ్రమంలో సొమ్ము దాచిన కారణంగా మౌనవ్రతంలో ఉన్న ఆ ఋషి శూలానికి గురి అయ్యాడు. తనకీ శిక్ష ఎందుకని ధర్ముని నిలదీశాడు. చిన్నతనంలో పురుగులను గడ్డిపుల్లతో గుచ్చిన ఫలమని ధర్ముడు చెప్పాడు. అంత చిన్న తప్పుకు ఇంత పెద్ద దండన విధించినందుకు ధర్మునే మాండవ్యుడు శపించాడు. విదురుని జన్మకు అదే కారణమైంది. పద్నాలుగేళ్ళ లోపు చేసినది పాపం కాదన్న మర్యాదనూ ఆ ఋషే ఏర్పరచాడు. ఆధునిక న్యాయశాస్త్రం కూడా ఆ దారిలోనే నడిచింది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోనూ, దాని స్థానంలో 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఏడేళ్ళ లోపు పిల్లల చేష్ట నేరం కాదు. ఏడు నుండి పన్నెండేళ్ళ మధ్యవారి విషయంలో ఆ పని స్వభావాన్ని గ్రహించేంత పరిపక్వత ఉన్నదా లేదా అన్నది చూడాలి.

కాని మాండవ్యుని కథను జాగ్రత్తగా చదివితే మరొక సంగతి కనిపిస్తుంది. వయోపరిమితి చేసినవానిని శిక్ష నుండి తప్పించింది. గడ్డిపుల్ల గుచ్చుకొన్న పురుగు నొప్పిని మాత్రం అది లేకుండా చేయలేదు. తప్పును క్షమించడం వేరు, నొప్పే లేదనుకోవడం వేరు. వృద్ధుల వినోద గోష్ఠిలో తరచు కలిసిపోయే రెండు విషయాలు ఇవే.

గొలుసు లాగిన కథనే తీసుకొందాం. ఆ రోజుల్లోని వాక్యూమ్ బ్రేకు పద్ధతిలో, గొలుసు లాగగానే గొట్టంలోకి గాలి చొరబడి బ్రేకులు పట్టుకొంటాయి. గార్డు దిగి, ఏ పెట్టెలో గొలుసు లాగారో వెదికి, దానిని సరిచేయాలి. డ్రైవరు మళ్ళీ వాక్యూమ్ తెప్పించుకోవాలి. పోయిన నిమిషాలు పుస్తకంలోకి ఎక్కుతాయి. వెనుక వచ్చే బండి సిగ్నలు దగ్గర ఆగిపోతుంది. ఆ బండిలో ప్రసవానికి వెళ్తున్న స్త్రీ ఉండవచ్చు, ఇంటర్వ్యూకు పోతున్న యువకుడు ఉండవచ్చు. ఉన్నారో లేదో చేలకడ్డంగా పరుగెత్తినవానికి ఎన్నటికీ తెలియదు. తగిన కారణం లేకుండా గొలుసు లాగినవారికి ఏడాది వరకు జైలు గాని, 1000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చని 1989 నాటి రైల్వే చట్టం 141వ సెక్షను చెబుతున్నది. చట్టం లెక్క జరిమానాతో తీరుతుంది. ఆగిపోయిన బండిలోని మనిషి లెక్క ఎవరి పుస్తకంలోనూ ఉండదు.

ఇక్కడే రైల్వే పట్టణపు విశేషం తెలుస్తుంది. సొంత పల్లెలో జామచెట్టు యజమాని ఎదురింట్లోనే ఉంటాడు. యాభై ఏళ్ళ తరువాత దొంగ తన కథ చెబుతుంటే, ఆ యజమానో అతని కొడుకో అరుగు మీద కూర్చుని, “అబ్బో, ఆ ఏడాది మాకు కాయన్నది దక్కితేనా” అని కథను సరిచేస్తాడు. పల్లె జ్ఞాపకానికి ప్రతిపక్షం ఉంటుంది. రైల్వే కాలనీలో క్వార్టరు ఉద్యోగానిదే గాని మనిషిది కాదు. పెరటి చెట్టు నాటినవాడు ఒకడు, కాయలు పోగొట్టుకొన్నవాడు మరొకడు. ఆ తరువాత ఇద్దరికీ బదిలీలు. కంప్లెయింటు చేసిన గార్డు ఏ ఊరిలో రిటైరయ్యాడో, తిట్లు తిన్న గేట్‌మాన్ ఏమయ్యాడో తెలియదు. అందువల్ల కథకు మిగిలిన సాక్షి చేసినవాడొక్కడే. సాక్షి ఒక్కడే అయినప్పుడు తీర్పు ఎప్పుడూ అతనికే అనుకూలం.

ఈ సత్యాన్ని రవీంద్రనాథ ఠాగూరు ఇదే బిలాస్‌పూర్ స్టేషనులో నిలబెట్టి చూపాడు. 1918లో వెలువడిన ‘పలాతక’ సంపుటిలోని ‘ఫాఁకి’ అనే కథాకావ్యంలో, జబ్బుపడిన భార్య బినుతో గాలి మార్పు కోసం వెళ్తున్న భర్త బిలాస్‌పూర్‌లో బండి మారడానికి ఆరు గంటలు ఆగవలసి వస్తుంది. స్టేషను కూలీ భార్య రుక్మిణితో బినుకు మాట కలుస్తుంది. రుక్మిణి కూతురి పెళ్ళికి కావలసిన 25 రూపాయలు ఇవ్వమని బిను భర్తను కోరుతుంది. అతడు రుక్మిణిని చాటుకు పిలిచి బెదిరించి, రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపేస్తాడు. భార్యకు మాత్రం అడిగినదంతా ఇచ్చినట్టు నమ్మకం కలిగిస్తాడు. రెండు నెలలకు బిను కన్నుమూస్తుంది. ఆ బాకీ తీర్చాలని భర్త బిలాస్‌పూర్ తిరిగి వస్తాడు. కాని ఆ కూలీ కుటుంబం ఎక్కడికో వెళ్ళిపోయింది. చిరునామా చెప్పగలవారు లేరు. ఇవ్వవలసిన డబ్బు చేతిలోనే ఉన్నది. పుచ్చుకోవలసిన చెయ్యి మాత్రం లేదు.

అది కొంటెతనం కాదు, వయసు వచ్చినవాని మోసం. పదిహేనేళ్ళవాని టికెట్టు లేని ప్రయాణాన్ని దానితో సమానం చేయడం అన్యాయం. అయితే రెండింటి నిర్మాణం ఒక్కటే. చేసిననాడు చిన్నదిగా తోచడం, నష్టపోయినవారు కనుమరుగు కావడం, చివరకు జ్ఞాపకం ఒకరి దగ్గరే మిగలడం. ఆ భర్త దానిని నవ్వుగా చెప్పుకోలేకపోయాడు. ఎందుకంటే అతని జ్ఞాపకంలో రుక్మిణి ముఖం చెరగలేదు. కొంటె కథలను నవ్వుతూ చెప్పగలుగుతున్నామంటే, బహుశా అందులోని ముఖాలు చెరిగిపోయినందువల్లనే.

బాకీ తీర్చే అవకాశం ఉండగానే తీర్చినవారి కథ వేరు. గాంధీజీ తన ఆత్మకథలో చిన్ననాటి దొంగతనాన్ని దాచలేదు. అన్న చేసిన సుమారు 25 రూపాయల అప్పు తీర్చడానికి, ఆ అన్న చేతి బంగారు కడియం నుండి కొంత ముక్క తీయడం, ఆ తరువాత చీటీ మీద నేరం ఒప్పుకొని తండ్రి చేతికి ఇవ్వడం, తండ్రి కన్నీరు పెట్టడం అందులో ఉన్నాయి. అది వినోదంగా చెప్పినది కాదు. అయినా అందులో భారం లేదు. లెక్క ఆనాడే తేలిపోయింది కనుక.

అట్లాగని ప్రతి జామకాయకూ కన్నీరు కార్చవలసిన పని లేదు. నాలుగో శతాబ్దంలో జీవించిన క్రైస్తవ తత్త్వవేత్త అగస్టీన్ తన పదహారో ఏట స్నేహితులతో కలిసి పొరుగువారి చెట్టు పియర్ పండ్లు దొంగిలించి పందులకు పారవేసిన సంగతిని నడివయసులో తవ్వితీసి పుటల కొద్దీ విచారించాడు. పశ్చాత్తాపం అంత దీర్ఘమైనప్పుడు, పండ్ల యజమాని కంటె పశ్చాత్తప్తుడే కథానాయకుడై కూర్చొనే ప్రమాదం ఉన్నది. అయినా ఆయన పట్టుకొన్న ఒక అంశం విలువైనది: ఒంటరిగా ఉంటే తానా పని చేసి ఉండనని ఆయన గుర్తించాడు. కొంటెతనం గుంపుది. జ్ఞాపకపు నవ్వు కూడా గుంపుదే. ఒక్కడే కూర్చొని తలచుకొన్నప్పుడు కూడా అంతే నవ్వు వస్తుందా అన్నది ప్రతి కథకుడూ తనకు తాను పెట్టుకోదగిన పరీక్ష.

అపరాధభావానికీ మరపుకూ నడుమ మూడో దారి ఒకటి తెలుగు పాఠకునికి చిన్ననాటి నుండి పరిచితమే. కొంటెతనానికి మన సాహిత్యంలో పరాకాష్ఠ బాలకృష్ణుని లీలలు. భాగవతం దశమ స్కంధంలో ఆ లీలలు మనకు ఎక్కువగా తెలిసేది ఎవరి నోట? కృష్ణుని నోట కాదు. యశోద దగ్గరకు వచ్చి మొరపెట్టుకొన్న గోపికల నోట. ఎవరింట పాలు పోయాయో, ఎవరింట కుండలు పగిలాయో నష్టపోయినవారే చెబుతారు. వారి ఫిర్యాదులోనే ముద్దు ఉన్నది, కోపమూ ఉన్నది. పోతన ఆ రెండింటినీ తెలుగులో నిలిపాడు. దేవుని అల్లరిని కూడా మన సంప్రదాయం అల్లరి పడినవారి మాటల్లోనే భద్రపరచింది. ఆ నవ్వు ఇన్ని వందల ఏళ్ళుగా చెడకుండా ఉన్నదంటే కారణం అదే. అందులో ఎవరి గొంతూ నొక్కివేయలేదు.

మనుమలకు కథ చెప్పే పెద్దలకు ఈ సంప్రదాయం నుండి అందే సూచన చిన్నదే, ఆచరణకు సులువైనదే. “మేం చేశాం గాని మీరు చేయకండి” అన్న మాట పిల్లల చెవికెక్కదు. కథలోని ఉత్సాహం ఒకవైపు లాగుతుంటే నీతివాక్యం మరొకవైపు లాగుతుంది, గెలిచేది ఉత్సాహమే. అందుకు బదులు కథను పూర్తిగా చెప్పవచ్చు. గొలుసు లాగి పరుగెత్తిన కుర్రవానితోపాటు, లాంతరు పట్టుకొని పెట్టె పెట్టెకూ నడచిన గార్డును కూడా కథలోకి తేవచ్చు. తరిమిన గేట్‌మాన్‌కు కూడా ఒక ఇల్లు, పిల్లలు, పై అధికారి భయం ఉన్నాయని చెప్పవచ్చు. అప్పుడు పిల్లవాడు నవ్వుతాడు, నవ్వి ఒక్క క్షణం ఆగి, “ఆ గార్డు తర్వాత ఏమయ్యాడు తాతా?” అని అడుగుతాడు. ఉపదేశం చేయలేని పనిని ఆ ప్రశ్న చేస్తుంది.

కాలం తప్పును ఒప్పు చేయదు. అది చేసేది ఒక్కటే: కోపాన్నీ భయాన్నీ తీసివేసి, జరిగినదాన్ని అన్ని వైపుల నుండి చూడగల ఎత్తును ఇస్తుంది. ఆ ఎత్తు నుండి తనను మాత్రమే చూసుకొనేవానికి మిగిలేది గొప్ప. ఎదుటివానిని కూడా చూడగలిగినవానికి మిగిలేది జ్ఞానం. పుచ్చుకొనే చెయ్యి కనిపించని బాకీలను మరో విధంగా తీర్చలేకపోవచ్చు. కనీసం కథలో వారికి చోటివ్వడం, చేసినవాడు ఎంత ముసలివాడైనా, అతని చేతిలోనే ఉన్నది.