లోపలి దీపానికి ఏం పోస్తున్నాం?

ఈరోజు పొడిబారిన చర్మం గురించి, మాటిమాటికీ పట్టుకునే జలుబు గురించి మాట్లాడుకుందాం. భక్తి ఛానల్‌లో ఇదేంటి అనుకోకండి, భగవద్గీత దగ్గరికే వస్తున్నాను.

రెండేళ్ల క్రితం నాది నైట్ షిఫ్ట్. రాత్రి పదకొండింటికి బిర్యానీ ఆర్డర్, రెండింటికి చిప్స్, కూల్‌డ్రింక్. పొద్దున్న టిఫిన్ ఊసే లేదు. చర్మం పొడిబారింది, పెదాలు పగిలాయి, జలుబు నెలనెలా వచ్చి పలకరించేది. నేనేం చేశానో తెలుసా? ఖరీదైన సీరమ్ కొన్నాను. డబ్బా మీద పెద్ద అక్షరాలతో విటమిన్ సి అని ఉంది.

ఆ కార్తీకంలో ఊరెళ్లాను. సోమవారం సాయంత్రం ఉసిరికాయ పైభాగం చెక్కి, నెయ్యి వేసి, వత్తి పెట్టి తులసికోట దగ్గర దీపం వెలిగించాను. ఫోటో తీసి స్టేటస్ కూడా పెట్టాను. మర్నాడు మధ్యాహ్నం అమ్మమ్మ అన్నంలోకి ఉసిరికాయ పచ్చడి వేసింది. వగరుగా ఉందని పక్కకి నెట్టేశాను. అమ్మమ్మ కోప్పడలేదు. "బయటి దీపానికి నెయ్యి పోశావు. నీ లోపలి దీపానికి ఏం పోస్తున్నావురా?" అంది, అంతే.

ఆ లోపలి దీపం గురించే గీత 15వ అధ్యాయం, పురుషోత్తమ యోగంలో, 14వ శ్లోకం చెబుతుంది. ప్రాణుల దేహాల్లో వైశ్వానరాగ్నిగా ఉండి, నాలుగు రకాల ఆహారాన్ని జీర్ణం చేసేది తానేనంటాడు కృష్ణ పరమాత్మ. అంటే మన కడుపులో ఉన్నది చెత్తబుట్ట కాదు, హోమగుండం. గుడిలో నైవేద్యం పెట్టేటప్పుడు నిన్నటి నూనెలో వేయించింది పెట్టం కదా! మరి లోపలున్న స్వామికి ఎందుకు పెడుతున్నాం?

ఇప్పుడు సైన్స్ సంగతి. సూక్ష్మక్రిములకి మన ఒంట్లో మొదటి అడ్డుగోడ చర్మమే. ఆ గోడని గట్టిగా ఉంచే కొల్లాజెన్ తయారవ్వాలంటే విటమిన్ సి కావాలి. రోగనిరోధక కణాలకీ అది అవసరం. మనిషి శరీరం దాన్ని సొంతంగా తయారు చేసుకోలేదు, ఎక్కువ రోజులు దాచుకోలేదు. తినాల్సిందే. ఉసిరిలో అది నారింజలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. చలి మొదలయ్యే కార్తీకంలోనే ఉసిరి కాపుకొస్తుంది. ఆ చెట్టు కిందే మన వనభోజనాలు!

అలాగని ఉసిరి ఒక్కటే చాలదు. చర్మానికి మాంసకృత్తులు కావాలి, అవి పప్పు, పెసలు, పెరుగులో ఉన్నాయి. మునగాకు, తోటకూర నుంచి విటమిన్ ఎ అందుతుంది. నువ్వుల్లో జింక్ ఉంటుంది. ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండితే అందులోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మన రోజువారీ కంచంలో దాదాపు సగం కూరగాయలు, ఆకుకూరలు, దుంపలు, పండ్లే ఉండాలి. మనం సగం కంచం అన్నమే పెట్టుకుంటాం.

రెండు విషయాలు మాత్రం మర్చిపోవద్దు. మొటిమలకి హార్మోన్లు, వంశపారంపర్యం కూడా కారణం కావచ్చు. సమస్య తగ్గకపోతే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి, అందులో సిగ్గేం లేదు. రెండోది, ఆరోగ్యమైన చర్మం అంటే తెల్లటి చర్మం కాదు. మనం కొలిచే స్వామే నల్లనయ్య!

అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ యోగం కుదరదని గీత 6వ అధ్యాయంలో ఉంది. కాబట్టి క్రాష్ డైట్లు వద్దు. ఈ వారం మూడే చేద్దాం. రోజూ ఒక పుల్లని పండో, ఉసిరో తినాలి. ఒక పూట ఆకుకూర ఉండాలి. మొదటి ముద్ద ఫోన్ పక్కన పెట్టి, లోపలి స్వామిని తలుచుకుని తినాలి.

నా మొహం మెరిసిపోతోందని చెప్పను. కానీ పెదాలు పగలడం తగ్గింది, జలుబు నెలనెలా రావట్లేదు. ఆ సీరమ్ మళ్లీ కొనలేదు. అమ్మమ్మ పచ్చడి జాడీ మాత్రం నాతోపాటు హైదరాబాద్ వచ్చింది.

శ్రీకృష్ణార్పణమస్తు.