రిమోట్ హ్యాండ్స్

డేటా సెంటర్ల వాళ్ళ భాషలో ‘రిమోట్ హ్యాండ్స్’ అని ఒక మాట ఉంది. సర్వరు ఒకచోట, ఇంజనీరు ఇంకోచోట. కేబుల్ పీకి మళ్ళీ పెట్టాలన్నా, ఏ లైటు వెలుగుతోందో చూడాలన్నా అక్కడున్న టెక్నీషియన్‌కి చెప్తాం. చెప్పింది చేస్తాడు. గంటల లెక్కన బిల్లు. ఏళ్ళ తరబడి ఆ మాట వాడాను కానీ, అందులో చేతులే ఉన్నాయి, మనిషి లేడని ఎప్పుడూ తట్టలేదు. అది తట్టింది నాయుడుపేట దగ్గర ఒక పల్లెలో, మా అవ్వని క్లినిక్కుకి తీసుకెళ్ళిన రోజు.

అక్కడుండేది డాక్టరు కాదు, నర్సింగ్ చదివిన ఒక అమ్మాయి. బీపీ, షుగర్ చూసి, వీడియోలో డాక్టరుగారిని కలిపింది. ఆయన ఓపిగ్గానే మాట్లాడారు, అడగాల్సినవన్నీ అడిగారు, మందులు రాశారు. కాల్ అయిపోయింది. మేం గడప దాటుతుంటే ఆ అమ్మాయి వెనకాలే వచ్చింది.

“పోయిన నెల అవ్వ నడిచొచ్చింది సార్. ఇప్పుడు ఆటోలో తెచ్చారు. నాకెందుకో బాలేదనిపిస్తా ఉంది. ఒకసారి నెల్లూరు తీసుకుపోయి చూపించండి.”

“మరి డాక్టరుగారికి చెప్పలేదే?”

“ఆయన అడగలేదు సార్.”

నెల్లూరు వెళ్ళాం. వెళ్ళడం మంచిదే అయింది.

మన వైపు టెలిమెడిసిన్ కొత్తదేం కాదు. చిత్తూరు దగ్గర అరగొండలో అపోలో వాళ్ళు పెట్టిన కేంద్రాన్ని 2000 మార్చి 24న బిల్ క్లింటన్ ప్రారంభించాడు. అప్పటి సమస్య దూరం. పల్లె ఆసుపత్రిని నగరంలోని స్పెషలిస్టుతో కలపడానికి ఉపగ్రహం కావాల్సొచ్చింది. 2019 నవంబరులో ఈ-సంజీవని వచ్చింది. ఇప్పుడు మామూలు ఇంటర్నెట్ చాలు. ఊరి క్లినిక్కు ఒక చివర, డాక్టర్లుండే హబ్ ఇంకో చివర. దూరం సంగతి దాదాపు తేలిపోయింది. మిగిలింది ఆ రెండు చివర్లలోని మనుషుల సంగతి.

ఒకే వార్డులో ఏళ్ళ తరబడి పనిచేసే డాక్టరుకి ఏ నర్సు ఊరికే కంగారుపడదో తెలుస్తుంది. ఆమె కళ్ళతో సైగ చేస్తే చాలు, మంచం దగ్గరికి మళ్ళీ వెళ్తాడు. కాల్ ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళకి వెళ్ళే ఏర్పాటులో ఈ పరిచయం పుట్టదు. నన్ను డిజైన్ చెయ్యమన్నా అలాగే చేసుండేవాణ్ణి, క్యూ తొందరగా కదులుతుంది కదా! పైగా రోగి ఎదురుగానే ఉంటుంది. పక్కకి పిలిచి ఒక మాట చెప్పుకోవడానికి వరండా లేదు.

దీన్ని టెలిమెడిసిన్ నెత్తిన రుద్దడం న్యాయం కాదనొచ్చు. ఒకే గదిలో ఉన్నప్పుడు మాత్రం నర్సు మాట ఎందరు విన్నారు? అసలు ఈ ఏర్పాటే లేకపోతే అవ్వకి ఆ రోజు డాక్టరే దొరికేవాడు కాదు. రెండూ నిజమే. కానీ పాత గదిలో డాక్టరు తన కళ్ళని నమ్ముకోగలిగేవాడు. ఇక్కడ ఆ కళ్ళు కూడా ఆమెవే. ఆమెని ఎక్కువ నమ్మాల్సినచోట తక్కువ ఎరిగి ఉన్నాడు. చిక్కంతా అక్కడే.

2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం, ఒక డాక్టరు ఇంకో డాక్టరుని సలహా అడిగితే, వైద్యం బాధ్యత అడిగిన డాక్టరుదే. చట్టానికి అలా ఒక మనిషి కావాలి. బాధ్యతనైతే ఒకరి నెత్తిన పెట్టొచ్చు. తెలివిడిని అలా పెట్టలేం. అవ్వ ఆటోలో వచ్చిందన్న సంగతి ఆ అమ్మాయి దగ్గర ఉంది, దాని అర్థం డాక్టరు దగ్గర ఉంది. రెండూ కలవలేదు.

తప్పు నోరు విప్పని ఆమెదా? నేనలా అనుకోను. అధికారం ఎటువైపు ఉందో, అడగాల్సిన బాధ్యత అటువైపే ఉంటుంది. “అడగలేదు కాబట్టి నాకు తెలీదు” అనడం పై మెట్టు మీదున్న వాళ్ళకి సాకు కాకూడదు.

ఇంజనీరు బుద్ధి కదా, ఫారంలో ‘నర్సు అభిప్రాయం’ అని ఒక గడి పెడితే సరిపోతుందనిపించింది. వారం తిరక్కుండా అందులో ‘ఏమీ లేదు’ అని పడుతూ ఉంటుంది. అడిగితే వింటారన్న నమ్మకం గడితో రాదు. మందులు రాసే ముందు “మీకేమనిపిస్తోంది సిస్టర్?” అని రోజూ అడిగే గొంతుతో వస్తుంది.

తర్వాతి నెల క్లినిక్కుకి వెళ్తే ఆ అమ్మాయి మొదట అడిగింది, “నెల్లూర్లో ఏమన్నారు సార్?” అని. చెప్పాను. నోటు పుస్తకంలో రాసుకుంది. ఆ డాక్టరుగారికి మాత్రం ఆ సంగతి ఇప్పటికీ తెలీదు.